కందిపువ్వు రంగు గిటారు

ఆ రోజుల్లో మా తాండూరు వైపు ఏ వస్తువు రంగు దానికి ఉండేది, దాన్ని మార్చాలన్న ఆలోచన ఎవరికీ వచ్చేది కాదు. గిటారంటే గోధుమరంగు, అంతే. చుట్టుపక్కల చర్చిల్లో నేను చూసిన నాలుగైదు గిటార్లూ ఒకే అచ్చు బెల్లం ముక్కల్లా ఉండేవి. (గులాబీవి, నీలివి ఫోన్లో వీడియోల్లో కనిపించేవి గానీ, అవి ఫోన్లో ఉండేవాళ్ల గిటార్లు, మనలాంటి వాళ్లవి కావని మా నమ్మకం.) అలాంటి కాలంలో నేను గిటారుకి పసుపు రంగు వేయించాను. అది కూడా ట్రాక్టరు ట్రాలీలకు రంగులు వేసే ఉస్తాద్ చేత. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, అప్పుడు మాత్రం ఏడుపొక్కటే తక్కువ.

అసలు ఆ గిటారు నాది కాదు, మా మేనమామది. నేను పుట్టకముందు నుంచీ వికారాబాద్ చర్చిలో కొయిర్ పాడుతుంటే ఆయనే వాయించేవాడు. ఆ ఏడాది కీళ్లవాతం వచ్చి ఎడమచేతి వేళ్లు వంగడం మానేశాయి. దసరా సెలవుల్లో చూడటానికి వెళితే గిటారు తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. "ఈసారి క్రిస్మస్‌కు నువ్వే వాయించాలె బిడ్డ. నేను ముందర కూసోని పాట ఇంట" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన నా ముఖం చూడలేదు, గిటారునే చూశాడు. నాకు నేర్పిందీ ఆయనే. (నేర్చుకున్నది తీగల మీద వేళ్లు పెట్టే పట్లు నాలుగు, వాటినే కార్డులంటారు; ఐదోది దేవుడి దయ.) దాన్ని పెద్దేముల్‌లో మా ఇంటికి తెచ్చుకున్నాక నాకు గుబులు పట్టుకుంది. ఆ చర్చి నిండా మామ వాయింపు ఎరిగినవాళ్లే, వాళ్ల ముందు నా వేళ్లు తడబడితే మామ తల ఎక్కడ పెట్టుకుంటాడు? ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాను. గిటారు కళ్లు తిప్పుకోలేనంత అందంగా ఉంటే జనం దాన్నే చూస్తారు, నా వేళ్లను చూడరు. ఇరవై రెండేళ్ల టీచరమ్మ తెలివి అది. ఆ తెలివితోనే నేను తాండూరులో ఒక చిన్న బడిలో ఐదో తరగతికి లెక్కలు చెప్పేదాన్ని.

రంగు ఎంచుకోవడానికి ఆట్టే కష్టపడలేదు. రోజూ బడికి షేర్ ఆటోలో ఆరో మనిషిగా అంచున వేలాడుతూ వెళ్లేదాన్ని. దారికి రెండు వైపులా కంది చేలు పూతమీద ఉండేవి. మామకు చెబితే వద్దంటాడని చెప్పలేదు. తీగలు విప్పి డబ్బాలో దాచి, గిటారు చంకన పెట్టుకుని ఉస్తాద్ షెడ్డుకు వెళ్లాను. బండల పాలిష్ మిషన్లు నడిచే రోడ్డు మీద ఉండేది ఆయన షెడ్డు. గాలిలో తెల్లటి రాతి దుమ్ము. అందుకని ఆయన రంగు కొట్టే ముందు నేలంతా నీళ్లు చల్లి, దుమ్ము అణిగేదాకా బీడీ కూడా ముట్టకుండా నిలబడేవాడు. స్కేలు పెట్టకుండా ట్రాలీ ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక్క ఊపిరిలో గీత లాగేవాడు, అది వెంట్రుకంత కూడా వంకర పోయేది కాదు. బడికి ఆలస్యమైనా సరే ఆగి చూసేదాన్ని.

"కందిపువ్వు రంగు కావాలె ఉస్తాద్" అన్నాను.

"పొద్దుగాల పువ్వా, మాపటి పువ్వా?" అన్నాడు.

రెండింటికీ తేడా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. తెలిసినట్టే ముఖం పెట్టి, "పొద్దుగాలదే" అన్నాను. ఆయన డబ్బా మూతలో పసుపు పోసి, అందులో చుక్క ఎరుపు కలిపి, బొటనవేలి గోటికి రాసుకుని ఎండకు పట్టి చూశాడు. నచ్చలేదు, తుడిచేశాడు. అట్లా మూడుసార్లు. ఏ చదువూ లేకుండా కంటితోనే అంత లెక్క కట్టే మనిషిని చూసి, లెక్కల టీచర్‌నైన నేను నోరు తెరుచుకుని నిలబడిపోయాను.

నాలుగు రోజుల తర్వాత వెళితే గిటారు ధగధగ మెరిసిపోతోంది. పాత గీతలు, సొట్టలు మచ్చుకైనా లేవు. "రెండు పూతలు పుట్టీ వెట్టిన, మీదికెళ్లి మూడు పూతలు రంగు. ఎండల ఉన్నా వానల ఉన్నా ఐదేండ్ల దాంక ఏం గాదు టీచరమ్మా. దీని మీద బండలు లోడ్ జేస్కపోయినా గీత పడదు" అని భరోసా ఇచ్చాడు. గిటారు మీద బండలు ఎవరు లోడ్ చేస్తారన్న ఆలోచన నాకు రాలేదు. ఆటోలో వాళ్లంతా ఒళ్లో ఉన్న గిటారునే చూస్తుంటే మురిసిపోతూ ఇంటికి చేరాను. తీగలు బిగించి, మామ నేర్పిన మొదటి కార్డు పట్టి మీటాను. బియ్యం బస్తా మీద చెయ్యి వేసినట్టు 'దబ్' మంది. ఇంకోసారి మీటాను. మళ్లీ దబ్.  సరిగ్గా అప్పుడే మామ ఫోను. "ప్రాక్టీస్ నడుస్తుందా బిడ్డ?" అంటే, "మంచిగ నడుస్తుంది మామా" అన్నాను. అంత పెద్ద అబద్ధం నేను అంతకు ముందు ఆడలేదు.

మర్నాడు బడి అయ్యాక ఏడుపు ముఖంతో షెడ్డుకు వెళ్లి, "దీని గొంతు పోయింది ఉస్తాద్" అన్నాను. ఆయన మొదట ఒప్పుకోలేదు. "తీగెలు పాతయి గావొచ్చు" అన్నాడు. వాయించి చూపించాను. అప్పుడు గిటారుకు చెవి ఆనించి వేలి కణుపుతో కొట్టాడు. లేచి వెళ్లి, తను రంగు వేసిన ట్రాలీ మీదా అట్లాగే కొట్టాడు. రెండూ ఒకేలా పలికాయి. ఆయన ముఖం చిన్నబోయింది.

"ట్రాలీ చప్పుడు జెయ్యొద్దని మందంగ కొడ్త. దీనికి చప్పుడే పాణమాయె. తప్పు నాదే బిడ్డా" అన్నాడు. గిటారును ఇటూ అటూ తిప్పి చూసి, "నలభై ఏండ్ల సంది రంగు ఏసుడు నేర్సుకున్న. తీసుడు నేర్వలే. గీ వారం దినాలు రోజూ రా. నేను తీస్త, నువ్వు మోగియ్యి" అన్నాడు.

షెడ్డులో రుద్దే మిషను ఉంది గానీ దాన్ని ముట్టుకోలేదు. "మిషన్‌కు చెవులు లేవు" అన్నాడు. రేగ్‌మాల్ అనే గరుకు కాగితం నీళ్లలో తడిపి, తీగలు వదులు చేసి, చేత్తో కొంచెం కొంచెంగా రుద్దేవాడు. తీగలు బిగించి నేను మీటేదాన్ని. ఆయన కళ్లు మూసుకుని విని, "ఇంకా నిద్రలనే ఉన్నది" అని మళ్లీ మొదలుపెట్టేవాడు. యాలాల్ నుంచి ఒకాయన తన ట్రాలీ ఏమైందని తగువుకొస్తే, "నీ ట్రాలీకి క్రిస్మస్ ఉన్నదా? ఆగు జర" అని పంపేశాడు. పాట అన్నది ఎప్పుడూ నేర్చుకోని మనిషి, ఐదో రోజుకు నా గిటారులో ఏ తీగ ఎంత పలుకుతోందో నాకంటే బాగా చెప్పేవాడు. ఆరో రోజున అది కంఠం విప్పింది. చిన్నగా, స్పష్టంగా. పుట్టీ అంతా పోయాక ఉస్తాద్ గుడ్డతో అద్దిన పలచని పసుపు మాత్రమే చెక్క మీద ఉంది. దాని కింద చెక్క నరాలు కనిపిస్తున్నాయి. ఉస్తాద్‌కు మాత్రం తృప్తి లేదు, సగం పని చేసి ఇచ్చినట్టుందని గొణుక్కున్నాడు. నిజం కందిపువ్వు మీద కూడా అలాంటి సన్నని గీతలే ఉంటాయని నేను చెబితేనే ఊరుకున్నాడు.

క్రిస్మస్ పొద్దున పాసింజర్ రైలెక్కి వికారాబాద్ వెళ్లాం. వెళ్లాం అంటున్నానంటే ఉస్తాద్ కూడా వచ్చాడు. "మోగుతదో లేదో నా చెవులతోని ఇనాలె" అని ఉతికిన చొక్కా వేసుకుని మరీ వచ్చాడు. చివరి నిమిషం దాకా నేను కవరు జిప్పు తియ్యలేదు. తీసేసరికి చర్చిలో గుసగుసలు. పాస్టరమ్మగారు చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ముందు వరసలో మామ కళ్లద్దాలు సర్దుకుని ముందుకు వంగాడు. ఆయన వైపు చూడలేక వెంటనే వాయించడం మొదలుపెట్టాను. రంగు వింత నిమిషం కూడా నిలవలేదు, అందరూ నా వేళ్లనే చూశారు. అవి రెండు చోట్ల తప్పాయి కూడా. మామ మాత్రం పాట అయ్యేదాకా కళ్లు తెరవలేదు.

ఆరాధన అయ్యాక గిటారు తీసుకుని కుడిచేత్తో ఒక్కసారి మీటి, "గొంతు మారింది" అన్నాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. "నా దగ్గర ముసలిదై ఉండె. ఇప్పుడు నీ ఈడుకొచ్చింది" అన్నాడు. రంగు గురించి ఒక్క మాట లేదు. తలుపు దగ్గర నిలబడ్డ ఉస్తాద్‌ను చూపిస్తే, వంగని వేళ్లతో ఆయన చేతులు పట్టుకున్నాడు. ఇద్దరూ బెంచీ మీద కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నారు. సంగీతం గురించేమో అని చెవి ఒగ్గితే, నొప్పులకు ఏ నూనె మంచిదన్నదే అక్కడి చర్చ.

మొన్న మామను చూడటానికి వెళ్లినప్పుడు, ఇన్నేళ్ల తర్వాత, ధైర్యం చేసి అడిగాను. "ఆ దినం నా పసుపు రంగు జూసి నీకు మనసైంది గదా మామా?"

"ఏడ మనసైంది బిడ్డ. మస్తు కోపమొచ్చింది" అన్నాడు.

"మరి ఒక్క మాట కూడ అనకపోతివి?"

"అందామని లేవబోయిన. గప్పటికే నువ్వు వాయించుడు షురూ జేసినవ్."

ఇన్నేళ్లూ నేనేమో, నా ఎంపిక చూసి ఆయన ముచ్చటపడ్డాడని ఊరంతా చెప్పుకుంటూ తిరిగాను.