గుండు చేయించని తల

ఒమన్‌లోని నిజ్వాలో మా ఆయన స్కూల్లో డ్రాయింగ్ చెప్పేవారు. తొంభైల మొదట్లో ఓ సెలవు రోజు మస్కట్ వెళ్తే, అక్కడి మత్రా బజారులోని చిన్న కొట్లో ఆయనకు ఒక పాత బొమ్మల పుస్తకం దొరికింది. అందులో ఒక కార్టూన్. కళ్లద్దాలు పెట్టుకున్న డాక్టరు ఒకాయన ఒకావిడ తల తడుముతుంటే, వెనక వంతు కోసం కూర్చున్నవాళ్లు తమ తలలు తామే తడుముకుంటున్నారు.

అది ఫ్రెనాలజీ. తల మీది ఎత్తుపల్లాలను బట్టి మనిషి గుణం చెప్పవచ్చని రెండు వందల ఏళ్ల కిందట యూరప్‌లో పుట్టిన నమ్మకం. తప్పుడు శాస్త్రం. మనలాంటివాళ్లను తక్కువవాళ్లని తేల్చడానికీ వాడారు. వ్యంగ్య చిత్రకారులు దాన్ని చూసి నవ్వారు. కొందరు శిల్పులు మాత్రం నమ్మి, గొప్పవాళ్ల నుదుళ్లను ఉన్నదానికన్నా ఎత్తుగా చెక్కారు. ప్రేమకు చోటు తల వెనక అని ఆ పుస్తకంలో ఉంది. మా ఆయన తల వెనక భాగం పలకలా చదును.

"చూశావా, నాకు ప్రేమ లేదట."

"పసితనంలో నీళ్లు పోసేటప్పుడు మీ అమ్మగారు తల సరిగా ఒత్తలేదు, అంతే," అన్నాను. ప్రతి శుక్రవారం ఆ తలకు నూనె పెట్టేది నేనే.

ఫ్రెనాలజీవాళ్లు మనుషుల తలలకు ప్లాస్టర్ అచ్చులు తీసి దాచేవారని చదివి, ఆయనకూ ఆ సరదా పుట్టింది. సైట్‌లో ప్లాస్టర్ పని చేసే కరీంనగర్ తమ్ముడొకడు సగం బస్తా ప్లాస్టర్ తెచ్చాడు.

"గుండు గీకిచ్చుకోవాలె సార్. లేకుంటె అచ్చుతోని ఎంటికలు గూడ ఊడొస్తయ్."

"ఉన్నవే నాలుగు," అన్నారాయన.

నేను ఒప్పుకోలేదు. ఊరికే గుండు చేయించుకుంటే ఇంట్లో ఎవరో పోయారనుకుంటారు. "వేసవిలో తిరుపతి మొక్కు ఉందిగా, గుండుతో తిరిగొచ్చాక అచ్చు తీయించుకోండి," అన్నాను. ఆయన సరేనన్నారు. బస్తా వంటింటి మూల పెట్టాం.

వేసవి రాకముందే ఆయన గుండెపోటుతో పోయారు.

ఊళ్లో దినాలు అయ్యాక, సామాను సర్దడానికి నేను నిజ్వా తిరిగి వెళ్లినప్పుడు ఆ తమ్ముడే సాయం వచ్చాడు. బస్తా మీద చెయ్యి వేసి చూశాడు.

"గట్టివడ్డది అక్కా. ఇగ పనికి రాదు. పారేసి రానా?"

తలూపాను. భుజాన వేసుకుని మెట్లు దిగాడు.

ఆయన ఫోటోలు చాలా ఉన్నాయి. అన్నీ ఎదుటి నుంచి తీసినవే. ఆ రోజు నేను సరేనని ఉంటే తల వెనక భాగం కూడా నా దగ్గర ఉండేది. శుక్రవారం ఇప్పుడు నా తలకు నేనే నూనె పెట్టుకుంటాను. చెయ్యి వెనక్కి వెళ్లి ఆ చదును కోసం వెతుకుతుంది. నాది గుండ్రటి తల. మా అమ్మ బాగా ఒత్తింది.