తెలిసేదాకా తల ఊపొద్దు

“ఇప్పుడు తెలిసిందా?”

“తెలిసిందక్కా.”

“ఊరికే తల ఊపుతాండావా, నిజంగానే తెలిసిందా?”

“నిజంగానేలే. ఇంగ ఫోను పెట్టేయ్, నీకు ఆయాసమొస్తాండాది.”

చిన్నప్పటి మా పక్కింటి అక్కకూ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. నా చక్కెర జబ్బు మాత్రల్లో ఏది అన్నానికి ముందు వేసుకోవాలో, ఏది తర్వాతో పోయిన చలికాలంలో ఫోనులో విడమరిచి చెప్పింది. కొన్నాళ్ళకే ఆమె లేదని కబురొచ్చింది. వయసంతా నర్సుగా పనిచేసిన మనిషి. తల ఊపుతున్నావా అని ఫోనులో ఆమె ఎందుకు అడిగిందో, అది విని నాకు నవ్వెందుకు వచ్చిందో చెప్పాలంటే ఒక సున్నపు కుండ దగ్గరికి పోవాలి. నాకు సంతకం తప్ప రాత రాదు. నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది. ఎల్లుండి దానికి పదో తరగతి సైన్సు పరీక్ష, అందులో రసాయనశాస్త్రమంటే దానికి దడ. పరీక్ష పెట్టుకుని ఈ రాతలేమిటని లోపల మా కోడలు గొణుగుతోంది. గొణగనీ.

నా చిన్నప్పుడు, ముదిగుబ్బ పక్కన మా ఊళ్ళో, పదో తరగతి దాకా వచ్చిన ఆడపిల్ల ఆ అక్క ఒక్కతే. నేను రెండో తరగతితోనే పలక అటక మీద పెట్టి గొర్రెపిల్లల వెంట పడ్డాను. మా రెండిళ్ళకూ నడిమి గోడ ఒకటే కావడంతో ఆమె చదువంతా నా చెవిలోనే జరిగేది. కోడి కూయకముందే మొదలుపెట్టేది. పెద్ద గొంతుతో, ఊపిరి తీసుకోకుండా, వాలులో బండి దిగినట్టు చదివేది. ఏ మాట ఎక్కడ ఆగుతుందో, ఏది ఎక్కడ మొదలవుతుందో తెలిసేది కాదు. అయినా విని విని నాకూ, నా గొర్రెపిల్లలకూ ఆ పాట అలవాటైపోయింది.

ఆమెకు లెక్కలు వచ్చేవి, తెలుగు వచ్చేది. రసాయనశాస్త్రం దగ్గరికి వచ్చేసరికి బండి బోల్తా పడేది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అడిగితే గడగడ అప్పజెప్పేది. బళ్ళో అయ్యవారు అదే ప్రశ్నను కాస్త తిప్పి అడిగితే నోరు పెగిలేది కాదు. పెద్ద పరీక్షకు ముందు బళ్ళో పెట్టిన పరీక్షలో అందుకే తప్పింది.

ఆ సంగతి ధర్మవరంలో ఉండే వాళ్ళ పెద్దనాయనకు తెలిసింది. అక్క వాళ్ళ నాయన అప్పటికే పోయాడు కాబట్టి ఆ ఇంట్లో పెద్దనాయన మాటే చెల్లుబాటు. చెడ్డవాడు కాదు. మగ్గాలు నడుపుకునే మనిషి, ఉన్నమాట మొహాన అనేవాడు. వచ్చి అరుగు మీద కూర్చుని తేల్చేశాడు. “ఈ పరీక్ష దాటితే నీ ఇష్టం పాపా, నర్సమ్మవే అయితావో కలెక్టరమ్మవే అయితావో. తప్పితే మాత్రం నా ఎంబడి రావాల. ఆడ మగ్గాలకు నూలు కండెలు చుట్టేదానికి మనిషి లేదు.” సంగటి తిని, చెయ్యి కడుక్కుని బస్సుకు పోయాడు.

అక్కకు నర్సు కావాలని ప్రాణం. వాళ్ళమ్మ కాన్పు కష్టమై చావుబతుకుల్లో ఉన్నప్పుడు ఒక నర్సమ్మ వచ్చి నిలబెట్టింది. ఆ రోజు నుంచీ ఈమెకు తెల్లకోక తప్ప ఇంకేదీ కంటికి ఆనలేదు. అలాంటిది పెద్దనాయన మాట విన్న సాయంత్రం నడిమి గోడ అవతల ఏడుపు వినబడింది.

మా జేజి, అంటే మా నాయనను కన్నతల్లి, ఆ ఏడుపు వింది. మర్నాడు నన్ను ముందర కూర్చోబెట్టుకుని పేన్లు చూస్తూ, జుట్టు గట్టిగా పట్టుకుని చెప్పింది. “మ్మే, రేపట్నుంచి ఆ యక్క నీకు పాఠం చెప్తాది. నీకు తెలిసేదాకా తల ఊపొద్దు. గంగిరెద్దు మాదిరి ఊపినావంటే ఆ బిడ్డ మునిగిపోతాది. దానికి నువ్వే కాపలా.” జుట్టు ఆమె చేతిలో ఉంది కాబట్టి సరేనన్నాను. కానీ నాకు లోపల గొప్పగా అనిపించింది. గొర్రెపిల్లలకు తప్ప నేను అప్పటిదాకా దేనికీ కాపలా కాయలేదు.

పొద్దుగూకి గొర్రెపిల్లల్ని గంప కింద మూశాక మా అరుగు మీద పాఠం మొదలయ్యేది.

“కాల్షియం ఆక్సైడు నీటితో చర్య జరిపి కాల్షియం హైడ్రాక్సైడును ఏర్పరచును. తెలిసిందా?”

“తెలీలే.”

ఇంకాస్త గట్టిగా అదే చెప్పింది.

“తెలీలేదక్కా.”

“ఏం తెలీలే?”

“మొత్తం.”

“నీ తలకాయలో ఏముండాది మ్మే, మట్టా?”

“పేన్లుండె,” అని లోపలినుంచి మా జేజి కేకేసింది. “అవి నేను తీసేసినాలే, నువ్వు చెప్పు.”

కొన్నాళ్ళు ఇదే వరస. అక్క గొంతు పెంచేది, నేను తెలీలేదనేదాన్ని. నిజంగానే తెలియలేదు. ఆ మాటలు నా ఎదుట గోడలా నిలబడేవి, వాటికి వాకిలి కనబడేది కాదు. చివరికి ఒకరోజు అక్క పుస్తకాన్ని అరుగుకేసి కొట్టింది. “గొర్రెలకు చెప్పినా ఈపాటికి తెలుస్తాండె. నేను కండెలే చుట్టుకుంటా పో!” అని కళ్ళు తుడుచుకుంటూ పోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. తెల్లవారుజామున చదివే చదువు కూడా ఆగిపోయింది. నడిమి గోడ అవతల ఆ చప్పుడు లేకపోతే నాకు నిద్ర మెలకువే సరిగా వచ్చేది కాదు.

నేను మా జేజి దగ్గర ఏడ్చాను. “తల ఊపేస్తా జేజీ, ఊపితే ఏం పోతాది?”

“నువ్వు ఊపితే అది నవ్వుకుంటా పరీక్షకు పోతాది. ఆడ ఊపేదెవరు?” అంది మా జేజి. 

ఉగాది దగ్గర పడింది. మాకు గోడలకు సున్నం కొట్టుకోవడం ఏడాదికి ఆ ఒక్కసారే. నీళ్ళు దూరపు బావినుంచి మోసుకోవాలి కదా, ఇష్టమొచ్చినప్పుడు కొట్టుకునే యోగం ఎక్కడిది? మా జేజి నడిమి గోడ మీదుగా కేకేసింది. “ఏమ్మే, చదవకుంటే పాయె, గోడకన్నా పనికిరా. నాకు చేతులు చాలవు.” అక్క మొహం మాడ్చుకుని వచ్చింది.

కాల్చిన సున్నపు రాళ్ళు పెద్ద కుండలో వేసి మా జేజి నీళ్ళు పోసింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత కుండ బుసకొట్టింది. రాళ్ళు పగిలాయి, ఆవిరి లేచింది, నీళ్ళు కుతకుత ఉడికాయి. ఏటా చూసేదే. ఏటా నేను అడిగినా ఎవరూ బదులు చెప్పని ప్రశ్నే మళ్ళీ అడిగాను. “పొయ్యి లేకుండా ఎట్ల ఉడుకుతాదక్కా?”

ఊరుకోమని కసరబోయి అక్క ఆగిపోయింది. చేతిలో కట్టె అలాగే ఉంది. కుండలోకి చూసింది, నా మొహం చూసింది, మళ్ళీ కుండలోకి చూసింది.

“మ్మే, నీకు ఇన్నాళ్ళూ చెప్తాండింది ఇదేనే!”

అప్పుడు పుస్తకం మాట ఒక్కటీ వాడకుండా చెప్పింది. సున్నపు రాయిని బట్టీలో కాలిస్తే దానిలోపలి గాలి ఒకటి వదిలిపెట్టి పోతుందట. పోయాక మిగిలిన రాయి దప్పికతో ఉంటుందట. నీళ్ళు తగిలేసరికి ఆత్రంగా తాగేస్తుందట. తాగి అది వేరే పదార్థం అయిపోతుందట, ఆ అయ్యేటప్పుడే వేడి పుడుతుందట.

“మన చేను మాదిరేనా? తొలివాన పడితే ఆవిరి కొడ్తాదే, అట్లనా?”

“సుమారుగా అట్లనే అనుకో.” అని కాస్త ఆలోచించి, “కానీ చేను చేనుగానే ఉంటాది. ఈ రాయి మాత్రం మళ్ళా ఆ రాయి కాదు” అంది.

నేను తల ఊపాను. అదే మొదటిసారి. మా జేజి చేతిలో సున్నం కుంచె జారి కుండలో పడింది.

గోడకు సున్నం కొట్టాక, రెండు రోజులు పోతేగానీ మెరుపు రాదని మా జేజి అంది. అది ఎందుకో కూడా అక్కకు ఇప్పుడు తట్టింది. బట్టీలో పోగొట్టుకున్న గాలిని ఆ సున్నం మెల్లగా మళ్ళీ తెచ్చుకుంటుంది, తెచ్చుకుని తిరిగి రాయి అవుతుంది, అందుకే గట్టిపడి మెరుస్తుంది అని చెప్పింది. ఆ గాలి ఎక్కడుంటుందని అడిగాను. బయట గాలిలో కొంచెం, మనం వదిలే ఊపిరిలో ఇంకొంచెం ఎక్కువ ఉంటుందని చెప్పింది.

అంతే. నేను గోడ దగ్గరికి పోయి చతికిలబడి ఊదడం మొదలుపెట్టాను. నా వంతు గోడ అందరికంటే ముందు మెరవాలని నా ఆశ. బుగ్గలు నొప్పి పుట్టేదాకా ఊదాను.

“ఏమ్మే, గోడకేమన్నా దయ్యం పట్టిందా, అట్ల ఊదుతాండావు?” అని మా జేజి అరిచింది.

అక్క కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి, లేచిపోయి దొడ్లో ఆముదపు ఆకు ఒకటి తెంపుకొచ్చింది. దాని కాడ లోపల బోలుగా ఉంటుంది. కుండలో అడుగున సున్నం దిగి పైన తేరిన తేట నీళ్ళను గాజు గ్లాసులోకి వంచి, కాడ నా నోట్లో పెట్టింది. “ఊదు. పీల్చినావంటే నోరు కాల్తాది, ఊదడమే.” భయం భయంగా ఊదాను. తేట నీళ్ళు నా కళ్ళముందే పాల మాదిరి తెల్లబడ్డాయి. నా ఊపిరికి ఇంత పని వస్తుందని అప్పటిదాకా నాకు తెలియదు. అక్క గ్లాసును వెలుతురుకు పట్టుకుని, తనకు తాను చెప్పుకుంటున్నట్టు మెల్లగా అంది, “కాల్షియం కార్బోనేటు.” ఈసారి ఆ మాటకు వాకిలి కనబడింది.

మర్నాటి నుంచి తెల్లవారుజాము చదువు మారిపోయింది. వాలులో బండి పరుగు పోయింది. ఒక ముక్క చదివి, పుస్తకం మూసి, నడిమి గోడ తట్టేది. “మ్మే, లేచినావా? ఇది విను.” నేను దుప్పట్లోనుంచే తెలిసిందనో తెలీలేదనో అనేదాన్ని. తెలీలేదంటే ఇప్పుడు కోపం రాలేదు. ఇంకో దోవలో చెప్పేది.

రసాయనశాస్త్రం పరీక్ష రాసి వచ్చిన సాయంత్రం నేరుగా మా అరుగు మీదికే వచ్చింది.

“తిప్పి తిప్పి అడిగినాడు జేజీ. కాయితం చూసేతలికి గుండె ఆగినంత పనాయె. అప్పుడు ఇది ఎదురుగా కూచుని తెలీలే, తెలీలే అంటాండట్ల అనుకున్నా. దీనికి చెప్పినట్లే రాసుకుంటా పోయినా.” తర్వాత నా నెత్తిన చెయ్యి పెట్టింది. “నేను పోయినాక దీనికెవరు చెప్తారు? ఈ మొద్దును బాగు చెయ్యమని నువ్వే గదా నా చేతిలో పెట్టింది.”

“నన్నా?” అని ఎగిరాను. “నేను గదా నిన్ను బాగు చేసింది! నీకు కాపలా పెట్టింది నన్నే!”

ఇద్దరం తిరిగి మా జేజిని చూశాం. ఆమె నింపాదిగా తమలపాకుకు సున్నం రాసుకుంటోంది. ఒకరికి తెలియకుండా ఒకరికి ఆ మాట చెప్పి, ఇద్దరినీ ఒకే అరుగు మీద కట్టేసిందన్నమాట. ఆకు నోట్లో పెట్టుకుని, “ఇద్దురూ బాగుపడినారు గదా, ఇంగేంది మీ పంచాయితీ?” అంది.

అక్క పాసయింది. మాట ఇచ్చిన ప్రకారం పెద్దనాయనే వచ్చాడు, తన మగ్గం మీద నేయించిన కోక ఒకటి చేతిలో పెట్టి, నర్సు ట్రైనింగుకు అనంతపురం బస్సు ఎక్కించాడు. నేను మళ్ళీ బడికి పోలేదు. గొర్రెలు, పెళ్ళి, చెనిక్కాయ చేను, పిల్లలు, వాన కోసం చూడటం, అలా పోయింది కాలం. కానీ ఆ అరుగు మీద పట్టుకున్నది వదల్లేదు. తెలియని దానికి తల ఊపలేదు.

మా ఆయన జబ్బుపడి ఆసుపత్రిలో ఉన్నప్పుడు డాక్టరు గబగబా ఏదో చెప్పాడు. నా కొడుకులు, మరిది అందరూ తల ఊపారు. నేను మాత్రం, “నాకు తెలీలేదు సారూ, మళ్ళా చెప్పు” అన్నాను. ఆయన విసుక్కోలేదు. కుర్చీ లాక్కుని, కాగితం మీద గుండె బొమ్మ గీసి, ఏది ఆడుతోందో, ఏది ఆడటం లేదో అన్నీ చెప్పాడు. మనిషి ఇంక ఎన్నాళ్ళో ఉండడని నాకు అప్పుడు తెలిసింది. తెలిసింది కాబట్టే ఇంటికి తెచ్చుకుని, ఆయనకు ఇష్టమైన ఉలవచారు కాచి పోసి, పక్కనే కూర్చున్నాను. తల ఊపి ఉంటే ఆ రోజులు నావి కాకుండా పోయేవి.

ఈ పిల్ల కూడా మొన్న బళ్ళో పెట్టిన పరీక్షలో తక్కువ తెచ్చుకుంది. పరీక్షకు పోనని మొండికేసింది. పొద్దస్తమానం ఫోనులో పాఠాలు చూస్తూ తల ఊపుతోంది. ఆ ఫోను దీంతో ఎన్నడూ తెలీలేదని అనదు కదా. అందుకే పుస్తకం మూయించి నా ముందు కూర్చోబెట్టాను. పొద్దున ఆమ్లాలూ క్షారాలూ అని ఏదో చెప్పింది, తెలీలేదన్నాను. కోపంతో మూతి తిప్పింది, తిప్పి మళ్ళీ నిమ్మకాయ తెచ్చి చెప్పింది. సగం తెలిసింది. మిగతా సగానికి రేపొక పగలుంది. పరీక్షకు పోతాను అవ్వా అని ఇందాకే దాని నోటితోనే అంది.

చాలు మ్మే, రాసింది. పెన్ను పక్కన పెట్టు. ఏదీ, మొదటినుంచీ చదువు, వింటా. గడగడ కాదు, మెల్లగా. నాకు తెలీకుంటే చెప్తా, ఆడ మళ్ళా చదువు.