హేమచంద్ర దాచిన జ్వరం

బరంపురంలో చింతపండు టోకు వ్యాపారి హేమచంద్ర తాగివచ్చిన కలాసీని గిడ్డంగి గుమ్మం తొక్కనిచ్చేవాడు కాదు. బస్తాలు మోసేవాళ్లు ఒళ్లునొప్పులకు ఓ చుక్క వేసుకుంటారు. కొండదారుల్లో బరువెత్తినవాడికి ఆ నొప్పులేమిటో తెలుస్తుంది. హేమచంద్రకు తెలియదు. పైడన్న అనే కలాసీని అందుకే పనిలోంచి తీసేశాడు.

కరోనా వచ్చిన తొలి ఏడాది ఆషాఢంలో హేమచంద్రకు జ్వరం తగిలింది. గంజాం జిల్లా అంతా అల్లాడుతున్న రోజులవి. ఇంట్లో జ్వరమని తెలిస్తే వీధికి అడ్డంగా వెదురుబొంగులు కట్టేస్తున్నారు. వానాకాలంలో గిడ్డంగి మూతపడితే సరుకంతా బూజే.

"ఒదినకి సెప్పకన్నయ్యా," అన్నాడు తమ్ముడు రాఘవేంద్ర. "జొరాలు రాసుకునే ఆశా వర్కరమ్మాయొచ్చి అడిగితే ఆవిడ నోట అబద్ధం రాదు."

నిజమే. సరుకు చూసుకోవాలని భార్యకు చెప్పి హేమచంద్ర గిడ్డంగి మేడమీది గదిలో ముసుగుతన్ని పడుకున్నాడు. జ్వరం దిగాకే ఇంటికొచ్చాడు.

కొన్నాళ్లకు, భోజనాల వేళ, కడుపులో మొదలైన పోటు వెన్నులోంచి దూసుకుపోయింది. ముందుకు వంగితే తప్ప ఊపిరి ఆడలేదు.

మన భాషలో గుండె చెరువవుతుంది, కడుపు తరుక్కుపోతుంది, పేగు కదులుతుంది. పొట్ట వెనక నక్కి, తిన్నది అరగడానికి రసాలూ, చక్కెరను అదుపుచేసే ఇన్సులినూ తయారుచేసే క్లోమానికి మాత్రం ఎవరూ ఒక్క నుడికారమైనా ఇవ్వలేదు. పాడైతేగాని దాని పేరు తెలియదు. హేమచంద్రకు ఆసుపత్రిలో తెలిసింది. గుమ్మంలో ముక్కులో పుల్లపెట్టి చేసిన కరోనా పరీక్షలో ఏమీ రాలేదు. స్కానింగులో క్లోమం వాచి కనిపించింది. పిత్తాశయంలో రాళ్లు లేవు. అవి కాకపోతే క్లోమం వాపుకు మామూలుగా కారణం తాగుడే.

"మవుసా, మందు అలవాటుందా?" బాబాయ్ అన్నట్టు ఒడియాలో పిలిచి అడిగింది డాక్టర్ సస్మిత.

"రామ రామ!"

"ఈమధ్య జ్వరమేమైనా?"

"లేదు మేడం," అనేశాడు మంచం పక్కనున్న రాఘవేంద్ర. హేమచంద్ర తమ్ముడి మాటకే తలూపాడు. తలుపు దగ్గరున్న భార్య కమలాకుమారి మాత్రం మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయింది.

మాట బజారుకెక్కింది. "నన్నెందుకు తోలేసాడనుకున్నారు? నా వాసనకి ఆయనకి నోరూరిపోయేది!" అని పైడన్న అందరినీ నవ్వించాడు.

మర్నాడు కమలాకుమారి అడిగింది. "అన్నాళ్లు గిడ్డంగిలో ఏటి సేసేరండీ?"

హేమచంద్ర అంతా చెప్పేశాడు.

"జొరమైతే నాకు సెప్పరా?"

"నీకంటుకుంటాదనీ... నువ్వు దాచలేవనీ."

"తాగుడైనా నేను దాచలేను. అది మీకు తెలుసు."

రాఘవేంద్రను పిలిచారు. సరుకు సగం ఇంకా గిడ్డంగిలోనే ఉంది, జ్వరం మాట పొక్కితే కొనేవాడుండడు. నేల చూస్తూ అన్నాడు: "జొరమేటొదినా? సరుకు కాడే ఉన్నాడు."

హేమచంద్ర డాక్టరుకు కూడా జ్వరం సంగతి చెప్పాడు. "కరోనా తగిలినవాళ్లలో కొందరికి క్లోమం వాస్తోందంటున్నారు. మీదీ అదే కావచ్చు, మవుసా. అయితే దానివల్లేనని ఖాయంగా చెప్పలేను," అంది సస్మిత. కమలాకుమారి చెవికి ఆ చివరి మాటే ఆనింది.

నొప్పి తగ్గింది. చక్కెర మాత్రం దిగలేదు, ఇన్సులిన్ తప్పలేదు. సూది వేయడం కమలాకుమారే నేర్చుకుంది. నొప్పి తెలియనివ్వదు, వేళ తప్పదు, వీధిలో ఎవరేమన్నా జవాబివ్వదు. సూది పట్టుకునే ముందు మాత్రం ఆయన ముఖం మీదికి ఒక్క క్షణం వంగుతుంది. మొదట్లో దిండు సర్దుతున్నట్టు వంగేది. ఇప్పుడు దిండు ముట్టుకోవడం లేదు.

ఆమె దగ్గరికి రాగానే హేమచంద్ర తనే నోరు తెరిచి, ఆమె ముఖం మీదికి ఊపిరి వదిలి, ఆ తర్వాత చొక్కా పైకెత్తుతాడు.