వంగుడు తాత

వెండి గని మ్యూజియంలో టిక్కెట్లు చింపే పెద్దాయనను అందరూ వంగుడు తాత అంటారు. ఎంత ఎత్తైన గుమ్మమైనా ఆయన తల వంచే దాటుతాడు. "మన గుమ్మం మీ మీద పడదు లెండి, నిటారుగా రండి" అని ఇంట్లో భార్య రోజూ ఆటపట్టిస్తుంది. ఆయన నవ్వేసి, నుదుటి మీది పాత మచ్చ తడుముకుంటాడు. గని నడిచిన రోజుల్లో ఆయన అందులోనే కూలీ; ఆడవాళ్ళను లోపలికి రానిచ్చేవారు కాదు. ఆయన పైకి వచ్చేదాకా ఆవిడ బయటే నిలబడి దేవుడికి దండాలు పెట్టుకునేది. ఇప్పటికీ ఆ గని సొరంగమంటే ఆవిడకు గుండెదడే. తన బతుకు గడిచిన చోటు ఆవిడకు ఒక్కసారైనా చూపించాలని ఆయన ఆశ.

ఆయన కొలువుకు ఆఖరి రోజున, "సరే, పదండి" అంది ఆవిడ. మ్యూజియం వాళ్ళు సొరంగం ఎత్తు పెంచి దీపాలు పెట్టారు గానీ, చివరి మలుపును పాతగానే ఉంచేశారు. అక్కడ పైరాయి ఛాతీదాకా దిగి ఉంది. ఆయన అలవాటుగా వంగి, గోడను తాకి కళ్ళకద్దుకున్నాడు. వెనకే వంగిన ఆవిడకు నాలుగడుగులకే నడుము పట్టేసింది. "రోజంతా ఇలాగేనా?" "అలవాటైపోయిందే. ఇంటికొచ్చేసరికి నువ్వు వేణ్ణీళ్ళు కాచి ఉంచేదానివిగా." సాయంత్రం ఇంటి గుమ్మం దగ్గర ఆయన ఎప్పటిలాగే తల వంచాడు. ఆవిడ ఆటపట్టించలేదు, తనూ తల వంచి, ఆయన వెనకే లోపలికి వచ్చింది.