అన్నం అమ్మడం నేర్చుకున్న వారం

మా ముత్తాత పన్నెండు ఊళ్ళ జమీందారు. కోర్టుకు సాక్ష్యానికి వెళ్తే మేజిస్ట్రేటు ఆయనకు కుర్చీ వేయించేవాడట. జమీ పోయాక కూడా మా తాత కాలవగట్టు మీది సత్రాన్ని నడిపాడు. పడవ దిగినవాళ్ళెవరైనా ఆ పూట అక్కడ తిని వెళ్ళేవారు. మా నాన్న నాటికి సత్రమూ లేదు, కాలవలో పడవలూ లేవు. అతిథులు తిని లేచేవరకు యజమాని నిలబడే ఉండాలన్న నియమం మాత్రం మిగిలింది. గోడకు ఆనుకోకూడదు. అన్నానికి డబ్బు పుచ్చుకున్న ఇల్లు కాదు మాది. ఇది గొప్పకు చెప్పడం లేదు. చెప్పినా తప్పు లేదు.

నేను హైటెక్ సిటీలో పద్నాలుగేళ్ళు టెస్టింగ్ చేశాను. ఇంకొకరు రాసిన ప్రోగ్రాములో తప్పులు వెతకడం నా పని. చెడ్డ పనేం కాదు. కానీ పోయిన వర్షాకాలం నుంచి కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాను. గంటకోసారి లేచి ఫ్లోరంతా తిరిగేవాణ్ణి. బ్యాడ్జి టేబుల్ మీద మరిచిపోయి అద్దాల తలుపు అవతల చిక్కుకునేవాణ్ణి. డాక్టరు బీపీ చూసి, ఏమీ లేదన్నాడు. మధ్యాహ్నం ఒంటిగంట అయ్యేసరికి మాత్రం బండి తీసి కొత్తగూడ వెళ్ళేవాణ్ణి. అక్కడ ఫ్లైఓవరు పక్క సందులో ఒక అక్క మెస్సు నడిపేది.

నేను త్వరగా తినేసి లేచి నిలబడేవాణ్ణి. ఎవరి ప్లేటులో పప్పు అయిపోయిందో వాళ్ళకంటే ముందు నాకే కనిపించేది. ఒకరోజు వడ్డించే ఆమె రాలేదు. సాంబారు బకెట్ నేనే అందుకున్నాను.

"ఏంది సారూ, మీకు ఆఫీసు గిట్ల లేదా?" అంది అక్క.

"ఉంది. సాంబారు చల్లారిపోతోంది."

"నడుం జర వంచున్రి. గట్ల నిలబడి పోస్తే వాళ్ళ అంగీల మీద పడ్తది."

ఆ రోజు నుంచి వారానికి రెండుసార్లైనా బకెట్ పట్టాను. ఆ గంటసేపు కాళ్ళు తిరగమనేవి కావు. ఆఫీసుకు తిరిగి రాగానే మళ్ళీ మొదలు.

ఎండలు ముదురుతున్నప్పుడు అక్క చెప్పింది. "మోకాళ్ళతోని ఇగ నాతోటి కాదు సారూ. వచ్చే నెల షట్టర్ ఖాళీ జేస్త. ఎవలన్న తీస్కుంటరేమో చూడున్రి."

ఆ సాయంత్రం మూడు మీటింగుల్లో కూర్చున్నాను. ఏం మాట్లాడారో ఒక్క ముక్క గుర్తులేదు. ఆ షట్టరు గది వేరేవాళ్ళ చేతికి పోతుందన్న కంగారు తప్ప నాలో ఇంకేమీ లేదు. నాకేం కావాలో అప్పుడు తెలిసింది. తెలిశాక కంగారు తగ్గలేదు, పెరిగింది.

ఆ మెస్సు నేనే నడుపుతానని ఇంట్లో చెబితే నా భార్య ఆశ్చర్యపోలేదు. "మీ మనసు ఎక్కడుందో నాకెప్పుడో తెలుసు. కానీ ఆటో ఆయన్ని చిల్లర అడగడానికే మీకు నామోషీ. భోజనానికి డబ్బులెలా అడుగుతారు?"

మా వైపు పెద్దదిక్కు మేనత్త ఒక్కతే. బాచుపల్లిలో కూతురి దగ్గర ఉంటుంది. వెళ్ళి చెప్పాను.

"అన్నం అమ్ముతావట్రా?" అంది.

"అవునత్తయ్యా."

"నిలబడి వడ్డిస్తావు, అది నాకు తెలుసు. చెయ్యి చాస్తావా? మీ నాన్న రావలసిన బాకీలు కూడా అడగలేకే ఉన్నదంతా పోగొట్టాడు. నీదీ ఆ వంగని నడుమే. ఉద్యోగం తర్వాత మానుదువుగాని, ముందు ఓ వారం చాచి చూడు."

షట్టరు నేనే తీసుకోవాలనుకుంటున్నానని అక్కకు చెప్పి వారం సెలవు పెట్టాను. తెల్లవారుజామునే లేచి అక్కతో కూరగాయలు తరిగాను, గంజి వార్చాను, చెయ్యి కాల్చుకున్నాను. అవన్నీ వచ్చాయి. మధ్యాహ్నం మొదట తిని లేచినవాడు చెయ్యి కడుక్కొని, "ఎంతండీ?" అన్నాడు. "మజ్జిగ పోసుకున్నారా?" అన్నాను. ఇంకొకతను డబ్బు కట్టడానికి ఫోనుతో స్కాన్ చెయ్యబోతే, "ఇప్పుడేం తొందర లెండి" అని వాకిలి దాకా వెళ్ళి పంపాను.

అక్క నెత్తి కొట్టుకుంది. "అయ్యో సారూ, అల్లున్ని సాగనంపినట్టు పంపుతున్నరు! రేపు బియ్యం ఎవలిస్తరు, మీ తాతనా?"

మూడు రోజులు అంతే. డబ్బులు అక్కే అడిగి తీసుకుంది. పక్క భవనంలో సెక్యూరిటీ పనిచేసే ఒక పెద్దాయన దగ్గర మాత్రం అక్క చూసేలోపే రెండుసార్లు డబ్బు వద్దన్నాను. మూడోరోజు ఆయన రాలేదు. నాలుగోరోజు వచ్చి, కూర్చోకుండా నా ఎదుట నిలబడ్డాడు. యూనిఫాం మీద ఒక్క ముడత లేదు.

"నన్ను చూస్తే అడుక్కునేటోని లెక్క కనవడ్తున్ననా సార్?"

"అయ్యో, కాదండీ."

"మరి పైసలెందుకు తీస్కుంటలేరు? మొన్నటియి, అటుమొన్నటియి, ఇవాళ్టియి. పట్టున్రి. లేకుంటే తినకుండ వోత."

అందరూ తినడం ఆపి చూస్తున్నారు. నాకు ముఖం మండిపోయింది. అంత పరువు నా ఒక్కడికే ఉందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. చెయ్యి చాచాను. ఆయన నా చేతిలో డబ్బులు పెట్టి, వెళ్ళి కూర్చొని, "పప్పు గట్టిగున్నదా?" అని అడిగాడు. నేను వడ్డించాను. తర్వాత లేచినవాళ్ళ దగ్గర నేనే అడిగాను. ఎవరూ వింతగా చూడలేదు.

సోమవారం రాజీనామా పెట్టాను. కంపెనీ ఫారంలో 'మనసు' అనే గడి లేదు. 'మెరుగైన అవకాశం' అన్నదాని మీద నొక్కాను. మేనత్త ఇంకా తినడానికి రాలేదు. రానని కూడా అనలేదు. తెల్లవారుజామున బియ్యం కడుగుతూ ఇప్పటికీ మధ్యలో లేచి సందు చివరిదాకా వెళ్ళొస్తాను. ఒంటిగంటకు కాళ్ళు కుదురుకుంటాయి.

షట్టరు అడ్వాన్సుకు మా నాన్న తిన్న వెండి కంచం, గ్లాసు అమ్మాను. అవి చాలక కారు కూడా అమ్మాను.