పసుపు చేప నోట్లో

శిరీషకు ఒక పని అప్పగిస్తే ఇక దాని గురించి ఆలోచించనక్కర్లేదని తెలిసినవాళ్లంతా అంటారు. నంద్యాల నుంచి వచ్చి, మాదాపూర్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ తప్పులు పట్టే ఉద్యోగం చేస్తోంది. సగం రోజులు చందానగర్‌లోని ఫ్లాట్ నుంచే పని. ఇతరుల తప్పులు పట్టీ పట్టీ తనకు తప్పులు రావన్న ధీమా ఆమెకు కాస్త పెరిగిందనే చెప్పాలి.

అందుకే ఎదురింటి రాజేందర్ కొమురవెల్లి మల్లన్న గుడిలో మొక్కుగా పట్నం, అంటే రంగుల ముగ్గు, వేయించడానికి ఇంటిల్లిపాదితో బయలుదేరుతూ తాళంచెవి ఆమెకే ఇచ్చాడు. ఆయనకు పక్క వీధిలో టైర్ల దుకాణం ఉంది గానీ ప్రాణమంతా హాల్లోని చేపల తొట్టి మీదే. ఆఫ్రికాలో మలావి అనే సరస్సులో పుట్టే చేపలట, సిక్లిడ్లంటారు. ఏదో ఐటీ టవర్ కోసం పేల్చిన గుట్ట రాళ్లు ఏరుకొచ్చి వాటికి గుహలు కట్టాడు. నీలం చేపలు రౌడీల్లా తిరిగే ఆ తొట్టిలో ఒక పసుపు జంట కూడా ఉంది. అందులో ఆడదాన్ని ఆయన "బిడ్డా" అనే పిలుస్తాడు.

గుమ్మంలో నిలబడి ఆయన జాగ్రత్తలు చెబుతున్నప్పుడు శిరీష చెవుల్లో మీటింగ్ నడుస్తోంది. మైకు ఆపుకుని, "సరేనన్నా, సరే" అని తలూపింది. మేనేజర్ చెప్పినవన్నీ బుర్రకెక్కాయి. రాజేందర్ చెప్పినవాటిలో పొద్దున చిటికెడు మేత అన్నదొక్కటే ఎక్కింది.

మర్నాడు మేత వేస్తే చేపలన్నీ ఎగబడ్డాయి, ఆ పసుపు ఆడది తప్ప. అది రాయి చాటున నిలబడి, గొంతు ఉబ్బిపోయి, దేన్నో మింగలేక కక్కలేక అవస్థ పడుతున్నట్టు దవడలు ఆడిస్తోంది. ఆ తర్వాతి రోజూ అంతే.  శిరీష రాజేందర్‌కు ఫోన్ చేస్తే అక్కడి గుడి డప్పుల మోతలో వినపడలేదో ఏమో, ఎత్తలేదు. దాంతో ఆమె తనే ఫోన్‌లో వెతికింది. ఏమని? చేప గొంతులో రాయి ఇరుక్కుంటే ఏం చేయాలని. రాయేనని ముందే తేల్చేసుకుంది కాబట్టి జవాబూ దానికే వచ్చింది. ఎవరో బంగారు చేపను తడి చేత్తో పట్టుకుని, గొంతు కింద మెల్లగా నొక్కి గులకరాయి తీస్తున్న వీడియో.

శుభ్రంగా చేతులు కడుక్కుంది. చేపను వలతో పట్టి, తొట్టి మీదే చేతిలోకి తీసుకుని, "ఓర్చుకో తల్లీ" అంటూ నొక్కింది.

బయటికొచ్చినవాటికి కళ్లున్నాయి. ఆవగింజల్లాంటి కళ్లు, బుల్లి తోకలు. ఒకదాని వెంట ఒకటి నీళ్లలోకి జారాయి. అవి పిల్లలని శిరీషకు అర్థమయ్యేలోపే నీలం చేపలు రాళ్ల సందుల్లోంచి దూసుకొచ్చాయి. ఆమె మోచేతి దాకా చెయ్యి ముంచి తరిమింది, వల తిప్పింది, అరిచింది. ఒక్కదాన్నీ దక్కించలేకపోయింది. తల్లి చేప ఖాళీ నోరు తెరుచుకుని ఆ రాయి దగ్గరా ఈ రాయి దగ్గరా తిరిగింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు రాజేందర్ నోటి మీద చెయ్యి పెట్టుకుని, నవ్వుతూ ఏదో చూపించాడు. ఆ సంబరం కనిపించింది గానీ మాట చెవికెక్కలేదు. ఇక ఆమెకు అన్నం సయించలేదు. అంత బాధలోనూ "నేను చూసేసరికే లేవన్నా" అని ఒక మాట తయారు చేసి పెట్టుకుంది. అలా పెట్టుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

తిరిగొచ్చిన రాజేందర్ సంచులు గుమ్మంలోనే పడేసి తొట్టి దగ్గరికి పరుగెత్తాడు. వెనకే శిరీష వచ్చి నిలబడింది. ఆయన మేత వేశాడు. పసుపు చేప అన్నిటికంటే ముందు వచ్చి తినేసింది.

"అయ్యో బిడ్డా, తింటున్నవంటే పిల్లలు పోయినట్టే గదా," అన్నాడు. "ఇంతకుముందు రెండుసార్లు గుడ్లు మింగేసింది చెల్లె. ఈసారి తిండి లేకుంట నోట్లెనే మోసింది. మంచిగ బయటికి రావాలని మల్లన్నకు మొక్కుకుంటి."

శిరీష తయారు చేసుకున్న మాట నోటి దాకా వచ్చింది. అంతలో ఆయనే అందుకున్నాడు.

"తప్పు నాదే. నోట్లె పిల్లలున్నయి, దాన్ని ముట్టకు అని నీకు చెప్పనే లేదు గావచ్చు. పోయే తొందరల మర్చిపోయినట్టున్న. నువ్వేం పరేషాన్ కాకు." జేబులోంచి మల్లన్న బండారి, ఆ ప్రసాదం పసుపు, పొట్లం తీసి విప్పాడు. "బొట్టు పెట్టుకో చెల్లె."

ఆ పసుపు ముందు ఆమె చెయ్యి చాపలేకపోయింది.

"నువ్వు చెప్పినావన్నా. నోటి మీద చెయ్యి పెట్టి మరీ చెప్పినావు. నేను మీటింగులో ఉంటి. సరే అంటి గానీ వినలేదు. గొంతులో రాయి ఉందనుకుని నేనే నొక్కి కక్కించినా. ఆ నీలంవి తినేసినాయి."

రాజేందర్ తిట్టలేదు. తిట్టి ఉంటే ఆమెకు కొంచెం తేలికయ్యేది. పొట్లం మడిచి, తొట్టి వైపు తిరిగి అడిగాడు.

"నేనైతే చూడలే గద చెల్లె. ఎట్లుండె? తల్లి రంగు వచ్చిందా?"

వాటిని చూసింది లోకంలో తనొక్కతే.

"లేత పసుపన్నా," అంది.