సమ్మక్క గెలిచిన లొల్లి

సమ్మక్క తన చెల్లెలు కురుమమ్మ నోరు మూయించడం కమల ఒక్కసారే చూసింది. చిక్కడపల్లి మార్కెట్లో అక్కాచెల్లెళ్లు పక్కపక్కనే ఆకుకూరలు అమ్మేవాళ్లు. పొద్దున గోనెపట్టా పరిచే దగ్గర మొదలైన లొల్లి ఎండ నెత్తికెక్కినా తెగేది కాదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, ఆ నోళ్లకు ఏ ఊరు చాలుతుంది?

"నా జాగల నీ గోంగూర ఏందే? మీ అత్త రాసిచ్చిందా?" అంది ఆ రోజు సమ్మక్క.

కురుమమ్మ బదులు చెప్పలేదు. అట్లా చూస్తూ ఊరుకుంది.

"సూసిన్రా, దీని నోరు మూతపడ్డది!" అని సమ్మక్క చప్పట్లు చరిచింది. జనం నవ్వారు. బేరమాడటమే నామోషీ అనుకునే గుమస్తా పెళ్లాం కమల కూడా నవ్వింది. కురుమమ్మ చేతిలో కొత్తిమీర కట్ట జారి, మూతి వంకరపోయాక గానీ అది పక్షవాతమని ఎవరికీ తెలియలేదు.

రెండేళ్లు మాట లేకుండా మంచాన పడి, తొంభై నాలుగులో పోయింది కురుమమ్మ.

అప్పట్నుంచి సమ్మక్కకు ఒకటే బుగులు. చావంటే కాదు, నోరు పడిపోతుందని. రక్తం పలచబడుతుందని బేరానికొచ్చిన వాళ్లెవరో చెబితే, డాక్టరును అడగకుండానే రోజుకో ఆస్ప్రిన్ బిళ్ల మింగింది. ఏడాదికి కడుపులో మంట, తారులా నల్లటి విరేచనాలు. కమలే ఆటోలో నారాయణగూడ డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది.

"గుండెపోటో పక్షవాతమో ఒకసారి వచ్చినోళ్లకు ఈ బిళ్ల పనికొస్తది. నీకు ఏదీ రాలే పెద్దమ్మా. కడుపుల పుండయి రక్తం పోతుంది. లాభం కన్నా నష్టమే ఎక్కువ, బంద్ చెయ్యి. బీపీ బిళ్ల మాత్రం మానకు" అని, పుండుకు మందు రాసిచ్చింది డాక్టరమ్మ.

తిరిగొస్తుంటే సమ్మక్క పెదవి విప్పలేదు. మూతి వంకరపోయిందేమోనని కమల వంగి చూసింది. "సమ్మక్కా!"

"బతికే ఉన్న, ఒర్రకు."

మార్కెట్లో చెల్లెలి జాగా ఖాళీగానే ఉంది. దాని కోసం అన్నేళ్లు తగువులాడిన మనిషి, ఇప్పుడక్కడ ఒక్క గోంగూర కట్ట పెట్టదు, ఎవర్నీ పెట్టనివ్వదు.

"ఒక్కపారి తిట్టినా బాగుండు కమలమ్మా. దాని తిట్లు ఇనక చెవులు ఎండిపోయినయి."

కొంగు ముడి విప్పి, ఆస్ప్రిన్ బిళ్లల పట్టీ కమల చేతిలో పెట్టింది.

"ఇది పారెయ్. గానీ నాకో పని చెయ్యాలె. రోజొస్తవ్, చెప్పిన ధర ఇచ్చి పోతవ్. గట్ల గాదు. రేపట్నుంచి నాతోని లొల్లి పెట్టుకో. కొసరడుగు. కూర వాడిందని తిట్టు. నేను ఎదురు తిట్టకపోయినా, నాలుక జర తడబడినా, గెలిచిన్నని నవ్వకు. ఆటో పిలువు."